వడ్ల లారీ గేటు దగ్గర నిలవొద్దంటే: మిల్లు పని నడకను కొలిచి, మెయింటెనెన్స్ ప్లాన్ వేసుకునే పద్ధతి

యాసంగి కోతలు ముమ్మరంగా సాగే రోజుల్లో పొద్దుగూకే వేళ జమ్మికుంట, పరకాల, సుల్తానాబాద్ రోడ్ల మీద పోయినవాళ్లు చూసే ఉంటారు. మిల్లు గేటు నుంచి రోడ్డు అంచు పట్టుకుని వడ్ల లారీల వరుస. డ్రైవర్లు లారీ నీడన చాప పరుచుకుని పడుకుని ఉంటారు. ఊళ్లోని కొనుగోలు సెంటర్లో కాంటా అయిన బస్తాలు ఆ లారీ ఎప్పుడు తిరిగొస్తుందా అని పడి ఉంటాయి. వాటి పక్కన కాంటా కాని రాశులు. పడమట మబ్బు కమ్మిందంటే టార్పాలిన్ల కోసం ఉరుకులే.

వరుస ఎందుకని అడిగితే "హమాలీలు లేరు", "లారీలన్నీ ఒక్కసారే వచ్చినయి" అంటారు. ఒక్కోసారి అది నిజమే. కానీ నేను మిల్లుల్లో సూపర్‌వైజర్‌గా చేసిన సీజన్లలో, గేటు దగ్గర నోటుబుక్ పట్టుకుని కూర్చున్నప్పుడల్లా ఆ వరుసను పట్టుకుని లోపలికి పోతే చాలాసార్లు ఏదో ఒక మెషిన్ దగ్గరే తేలాను. లారీల వరుసను గుమాస్తా చూసుకుంటాడు, మెషిన్ ఆగడాన్ని మెకానిక్ చూసుకుంటాడు. ఇద్దరి పుస్తకాలూ వేరు కాబట్టి ఒకదానికొకటి ఏమవుతుందో ఎవరికీ కనపడదు. ఆ రెండు పుస్తకాలను కలిపి చదివే పద్ధతే ఈ వ్యాసం. ఉదాహరణల్లో సమయాలు, లారీల సంఖ్యలు లెక్క చూపడానికి నేను పెట్టుకున్నవి. మీ అంకెలు మీ గేటు దగ్గరే దొరుకుతాయి.

మొదటి అడుగు: ఎదురుచూసేది ఎవరో తేల్చుకోండి

మిల్లుకు వచ్చేది లారీ. కానీ అసలు ఎదురుచూసేది రైతు. ఆయన మిల్లు దగ్గర కనపడడు కాబట్టి ఆయన సమయం ఎవరి లెక్కలోకీ రాదు. మిల్లు దింపుకుని ట్రక్ షీట్ (లారీలో వచ్చిన సరుకు లెక్క రాసే కాగితం) మీద సంతకం పెట్టేదాకా ఆయన డబ్బుల పని ముందుకు కదలదు.

లారీ చుట్టు ఒకటి లెక్క వేద్దాం. సెంటర్లో ఎత్తడానికి 2 గంటలు, పోను ఒక గంట, రాను ఒక గంట. మిల్లు లోపల (గేటు దగ్గరి వరుసతో కలిపి) 6 గంటలు పడితే మొత్తం 10 గంటలు. అంటే రోజుకు ఒకే ట్రిప్పు. మిల్లు లోపలి సమయం 2 గంటలకు దిగితే చుట్టు 6 గంటలవుతుంది, పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా రెండు ట్రిప్పులు పడతాయి. కొత్త లారీ ఒక్కటి కూడా పెట్టకుండా సెంటర్లో ఖాళీ అయ్యే బస్తాలు రెట్టింపు. కాబట్టి కొలవాల్సిన మొదటి అంకె "లారీ గేటు దగ్గరికి వచ్చి బయటికి పోయేదాకా ఎంతసేపు" అన్నదే. రోజుకు ఎన్ని టన్నులు ఆడించామన్న ప్రశ్న దాని తర్వాత వస్తుంది.

రెండో అడుగు: లారీ వెంట నడవండి

ఆఫీసులో కూర్చుని ప్రక్రియ గీయొద్దు. ఒక లారీని ఎంచుకుని టోకెన్ తీసుకున్న నిమిషం నుంచి దాని వెంటే ఉండండి. కనీసం మూడు రోజులు, రోజుకు నాలుగైదు లారీలు: పొద్దున వచ్చినవి, మధ్యాహ్నం భోజనాల వేళవి, రాత్రివి. ప్రతి చోటా రెండు సమయాలు రాయండి. లారీ అక్కడికి చేరింది ఎప్పుడు, పని మొదలైంది ఎప్పుడు. చాలామంది పని సమయం ఒక్కటే రాసి, రెంటి మధ్య ఖాళీని వదిలేస్తారు. మనకు కావలసింది ఆ ఖాళీయే.

250 బస్తాల లారీ అనుకోండి. బస్తాకు 40 కిలోల చొప్పున 100 క్వింటాళ్లు. టోకెన్, నిండు కాంటా 8 నిమిషాలు. శాంపిల్ తీసి తేమ, తాలు (గింజ లేని వడ్లు) చూడటం 10 నిమిషాలు. దింపడం 40. ఖాళీ కాంటా 5. ట్రక్ షీట్, సంతకం 12. మొత్తం 75 నిమిషాల పని. అదే లారీ లోపల ఉన్నది 360 నిమిషాలు. మిగతా 285 నిమిషాలు, అంటే ఐదింట నాలుగు వంతుల కాలం, ఆ లారీకి ఎవరూ ఏమీ చేయలేదు. హమాలీలను ఇంకా తొందర పెట్టి 40ని 35 చేసినా ఆ ఒక్క లారీకి మిగిలేది 5 నిమిషాలే. అసలు గుట్ట ఆ 285లో ఉంది.

ఇప్పుడు కాగితం మీద అడ్డంగా ఒక గీత గీయండి. గీతకు పైన డ్రైవర్‌కు కనపడేవి: గేటు, కాంటా, శాంపిల్ బల్ల, దింపే గుంత (వడ్లు పోసే గొయ్యి), ఆఫీసు కిటికీ. కింద అతనికి కనపడనివి: గుంత అడుగున ఎలివేటర్ (వడ్లను బకెట్లతో పైకి ఎత్తేది), ప్రీ-క్లీనర్ (చెత్త, దుమ్ము తీసేది), గోదాములో ఖాళీ జాగ, కరెంటు, కంప్యూటర్‌లో ఎంట్రీ. అమెరికాలో బ్యాంకు ఉద్యోగిగా పనిచేసిన లిన్ షోస్టాక్ 1984లో సేవలను ఇట్లా గీసి చూపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ఇన్నేళ్లకూ దీనికన్నా తేలికైన పనిముట్టు నాకు దొరకలేదు. పైన ఉన్న ప్రతి పని నుంచి కిందికి ఒక బాణం వేసి, "ఇది ఆగితే పైన ఏది ఆగుతుంది?" అని అడగండి. కాంటా కింద లోడ్ సెల్ (బరువును పసిగట్టే భాగం) ఉంటుంది. శాంపిల్ బల్ల మీద తేమ మీటర్ ఉంటుంది, అందులో బ్యాటరీ ఉంటుంది. దింపే గుంత కింద ఎలివేటర్ ఉంటుంది. మెయింటెనెన్స్ ప్లాన్‌కు బీజం ఈ కాగితంలోనే పడుతుంది.

డ్రైవర్లతో మాట్లాడటం మరిచిపోవద్దు. "ఎంతసేపైనా పండుకుంటం అన్నా, కానీ మా నంబరు ఎప్పుడొస్తదో చెప్తే తిని వస్తం గదా" అని ఒక డ్రైవర్ అన్న మాట నాకు ఇంకా గుర్తుంది. ఆ మాట విని, నడుస్తున్న టోకెన్ నంబరును గేటు దగ్గర నల్లబల్ల మీద రాయించాను. నిరీక్షణ ఒక్క నిమిషం తగ్గలేదు. గేటు దగ్గర గొడవలు మాత్రం తగ్గాయి.

మూడో అడుగు: వరుసను లెక్కలోకి తేండి

జాన్ లిటిల్ అనే శాస్త్రవేత్త 1961లో నిరూపించిన ఒక సూత్రం మిల్లు గేటుకు అతికినట్టు సరిపోతుంది. లోపల ఉన్న లారీల సగటు సంఖ్య = గంటకు బయటికి పోయే లారీలు × ఒక్కో లారీ లోపల గడిపే గంటలు. సగటున 9 లారీలు ఉండి, గంటకు ఒకటిన్నర చొప్పున పోతుంటే ఒక్కోటి లోపల ఉండేది 6 గంటలు. స్టాప్‌వాచ్ లేకున్నా గంట గంటకూ లారీలు లెక్కపెడితే చాలు, సమయం తెలుస్తుంది. కొన్నాళ్ల సగటు మీదే ఇది పలుకుతుంది. ఒక్క పూట లెక్కతో తీర్పు చెప్పొద్దు.

నాలుగో అడుగు: ఇరుకు ఎక్కడుందో పట్టుకోండి

అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే చోటే మొత్తం నడకను శాసిస్తుంది. పై ఉదాహరణలో అది దింపే గుంత. 40 నిమిషాలకు ఒక లారీ, గంటకు ఒకటిన్నర. ఇంకెక్కడ ఎంత వేగం పెంచినా ఆ అంకె మారదు. రెండో కాంటా కొనాలన్న ఆలోచన వస్తే ముందు ఈ లెక్క చూసుకోండి.

ఇక ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం. గుంతకు 100 వంతుల శక్తి ఉంటే 80 వంతుల పని వస్తోందనుకోండి. ఇంకా 20 వంతులు ఖాళీ ఉంది గదా, వరుస ఎందుకుంటుంది అనిపిస్తుంది. కానీ లారీలు చెప్పి రావు, ఒక్కో లారీ ఒక్కో రకంగా దిగుతుంది. వరుసల గణితంలో ఒకే గుంత ఉన్న సాదా నమూనా ప్రకారం దింపే సమయానికి సగటు నిరీక్షణ 80 శాతం పని ఉన్నప్పుడు 4 రెట్లు, 90 శాతం ఉన్నప్పుడు 9 రెట్లు, 95 శాతం ఉన్నప్పుడు 19 రెట్లు ఉంటుంది. దింపుడు 40 నిమిషాలైతే నిరీక్షణ వరుసగా 160, 360, 760 నిమిషాలు.

ఇప్పుడు మెషిన్‌ను ఇందులోకి తేండి. 80 శాతం పని మీద నడుస్తున్న గుంత కింద ఎలివేటర్ 10 గంటల్లో ఒక్క గంట ఆగింది. గుంత శక్తి 90 వంతులకు పడింది, వచ్చే లారీలు మాత్రం తగ్గలేదు. 80ని 90తో భాగిస్తే దాదాపు 89 శాతం. దింపే సగటు సమయం 40 నుంచి 44 నిమిషాలకు పోయింది. నిరీక్షణ దానికి 8 రెట్లు, అంటే 355 నిమిషాలు. మెకానిక్ పుస్తకంలో "ఒక గంట ఆగింది" అన్న ఒక్క గీత. గేటు పుస్తకంలో ప్రతి లారీకి 160 నిమిషాల నిరీక్షణ 355 అయింది. ఆగుడంతా ఒకే ముద్దగా, అదీ పొద్దున పదింటికి వస్తే ఇంకా ఘోరం.

అసలు లెక్క ఈ నమూనా చెప్పినంత కచ్చితంగా ఉండదు. దిశ మాత్రం తప్పదు. గుంత ఎంత నిండుగా నడుస్తుంటే ఒక చిన్న బ్రేక్‌డౌన్ అంత పెద్ద వరుసను కంటుంది. అందుకే సీజన్‌లో ఆగే గంటనూ, సీజన్ కాని రోజుల్లో ఆగే గంటనూ ఒకే ధరకు లెక్కగట్టకూడదు.

ఐదో అడుగు: మెషిన్లను రెండు కుప్పలు చేయండి

మిల్లు ఒకటే అయినా అందులో రెండు పనులు నడుస్తాయి. వడ్లు దించుకునే వరుస ఒకటి: వేబ్రిడ్జి (లారీ కాంటా), తేమ మీటర్, గుంత, ఎలివేటర్, ప్రీ-క్లీనర్, డ్రయ్యర్. దీని ప్రాణమంతా కొనుగోళ్ల కాలంలోనే, వానాకాలం పంటకు ఎక్కువగా నవంబర్, డిసెంబర్. యాసంగికి ఏప్రిల్, మే. ఆడించే వరుస రెండోది: బాయిలర్, షెల్లర్ (పొట్టు ఊడదీసేది), పాడీ సెపరేటర్ (పొట్టు ఊడని వడ్లను వేరు చేసేది), పాలిషర్, సార్టెక్స్ (రంగు మారిన బియ్యాన్ని ఏరేసేది). ఇది నెలల తరబడి నడుస్తుంది. ఇది ఒక పూట ఆగితే రాత్రి షిఫ్టులో పూడ్చుకోవచ్చు. దించుకునే వరుసలో ఆగిన గంటను పూడ్చుకోలేం, ఎందుకంటే అప్పటికే రైతు రాశి మీద వాన పడిపోయి ఉంటుంది.

ఒక్కో మెషిన్ పక్కన మూడు ప్రశ్నలకు జవాబు రాయండి. ఇది ఆగితే లారీ ఆగుతుందా? దీనికి బదులు దారి ఉందా? ఇది చెడితే మనిషికి ప్రమాదమా? మూడో ప్రశ్నకు అవునంటే మిగతావి చూడాల్సిన పని లేదు, అది పట్టికలో పైకి పోతుంది. బాయిలర్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది. నేను చూసిన చాలా మిల్లుల్లో శ్రద్ధంతా సార్టెక్స్ మీదే, ఖరీదైనది కాబట్టి. గుంత అడుగున దుమ్ములో తిరిగే ఎలివేటర్ బూట్ (అడుగు భాగం) పుల్లీని చూసేవాళ్లు ఉండరు. ధరను బట్టి ప్రాధాన్యం ఇవ్వడం నాకు తెలిసినంతలో అతి పెద్ద పొరపాటు.

ఆరో అడుగు: ఆగుడు పుస్తకం పెట్టండి

ఒక పొడుగు నోటుబుక్ గుంత పక్క గోడకు సుతిలితో కట్టండి. ఐదు గళ్లు చాలు: ఏది ఆగింది, ఎప్పుడు ఆగింది, మెకానిక్ ఎప్పుడు చెయ్యి పెట్టాడు, ఎప్పుడు తిరిగి నడిచింది, ఏం చేశారు. పది నిమిషాల ఆగుళ్లు కూడా రాయించండి. పెద్ద ఆగుళ్లు ఎట్లాగూ గుర్తుంటాయి, చిన్నవి రాయకుంటే మాయమైపోతాయి.

ఒక నెల కొనుగోళ్లలో ఎలివేటర్ నడవాల్సింది 300 గంటలు. 6 సార్లు ఆగింది, మొత్తం 24 గంటలు పోయాయి. నడిచింది 276. రెండు ఆగుళ్ల మధ్య సగటున 46 గంటలు నడుస్తోంది. ఆగిన ప్రతిసారీ సగటున 4 గంటలు పడుతోంది. 46ను 50తో భాగిస్తే 92 శాతం. మెషిన్ అందుబాటులో ఉన్న వంతు అది. వినడానికి 92 మంచి మార్కే. నాలుగో అడుగులో లెక్క చూశాక అది మంచి మార్కు కాదని మీకు తెలుసు.

ఆ 4 గంటలను విడదీయండి. ఆగిందని చెప్పడానికి 20 నిమిషాలు. మెకానిక్ టౌన్ నుంచి రావడానికి 90. బేరింగ్ తేవడానికి 80. అసలు రిపేరు 50. నాలుగు గంటల ఆగుడులో రెంచి పట్టుకున్నది గంట కూడా లేదు. ఇట్లాంటి చోట ఇంకా గొప్ప మెకానిక్‌ను వెతకడం కన్నా బేరింగ్‌ను గుంత పక్క పెట్టెలో ఉంచడం, మన ఆపరేటర్‌కు దాన్ని మార్చడం నేర్పడం లాభం.

ఇక ఎందుకు ఆగిందన్న ప్రశ్న. టయోటాలో తైచీ ఓనో నేర్పిన "ఎందుకు" అని ఐదుసార్లు అడిగే అలవాటు ఉంది. మా దగ్గర అది ఇట్లా నడిచింది. మోటార్ పదే పదే ట్రిప్ అవుతోంది. ఎలక్ట్రీషియన్ రిలే (లోడ్ ఎక్కువైతే మోటార్‌ను ఆపేది) సెట్టింగ్ పెంచుతానన్నాడు. వద్దని, ఎందుకు ట్రిప్ అవుతోందని అడిగాను. లోడ్ ఎక్కువైంది. ఎందుకు? బూట్‌లో బకెట్లు ఇరుక్కుంటున్నాయి. ఎందుకు? సుతిలి ముక్కలు, గడ్డి, మట్టిపెళ్లలు పడ్డాయి. ఎందుకు పడ్డాయి? గుంత మీద జాలి (చెత్తను ఆపే జల్లెడ) లేదు. అప్పుడు హమాలీల ముఠా మేస్త్రీని అడిగాను.

"జాలి ఏమైంది కాకా?"

"పచ్చి వడ్లు జాలిల నుంచి దిగుతలేవు సారూ. లారీ లేటయితుందని మీరే మొత్తుకుంటిరి. తీసి పక్కకు పెట్టినం."

నేను పెట్టిన తొందరే మోటార్‌ను ఆపుతోంది. రిలే పెంచి ఉంటే మోటార్ కాలిపోయేది. ఏటవాలుగా ఉండే, కాస్త వెడల్పు సందుల జాలి చేయించి, సుతిలి వేయడానికి పక్కన డబ్బా పెట్టించాం. ఈ జవాబు ఏ మెకానిక్ దగ్గరా దొరకదు. రోజంతా మెషిన్ పక్కన నిలబడే హమాలీ దగ్గర దొరుకుతుంది. తప్పు ఒప్పుకున్నందుకు ఆయన కూలీ కోసి ఉంటే ఆ తర్వాత ఎవరూ నిజం చెప్పేవాళ్లు కాదు.

ఏడో అడుగు: ఏ భాగానికి ఏ పద్ధతో ఎంచుకోండి

అన్ని మెషిన్లనూ ఏడాదికోసారి విప్పి, కడిగి, బిగిస్తే మెయింటెనెన్స్ అయినట్టే అనుకుంటాం. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు నౌలన్, హీప్ 1978లో ఇచ్చిన నివేదిక ఈ నమ్మకాన్ని కదిలించింది. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో వయసు పెరిగే కొద్దీ చెడిపోయే అవకాశం స్పష్టంగా పెరిగినవి 11 శాతమే. 68 శాతం భాగాలకు కొత్తగా బిగించిన మొదట్లోనే ప్రమాదం ఎక్కువ, ఆ తర్వాత నిలకడ. మిల్లు విమానం కాదు. ఇక్కడ దుమ్ము, ఊక రాపిడి ఎక్కువ కాబట్టి అరిగి చెడేవీ ఎక్కువే. కానీ బాగా నడుస్తున్న బేరింగ్‌ను విప్పి, దుమ్ములో పెట్టి, సుత్తితో కొట్టి మళ్లీ ఎక్కించడం దానికి మేలు కాదన్న మాట మాత్రం ఇక్కడా నిజమే.

కాబట్టి భాగాన్ని బట్టి పద్ధతి. అరిగేవాటికి గంటల లెక్కో టన్నుల లెక్కో పెట్టండి. షెల్లర్ రబ్బర్ రోళ్లు దీనికి మంచి ఉదాహరణ. రెండు రోళ్లు ఎదురెదురుగా, వేర్వేరు వేగాలతో తిరుగుతాయి. వేగంగా తిరిగేది ముందు అరుగుతుంది. అరిగే కొద్దీ రెంటి ఉపరితల వేగాల మధ్య తేడా తగ్గి, పొట్టు ఊడని వడ్లు వెనక్కి తిరుగుతుంటాయి. ఒక దశలో రెంటినీ ఇటుదటు మార్చితే జీవితం పెరుగుతుంది. ఎన్ని క్వింటాళ్లకు మార్చారో రాస్తూ పోతే రెండు మూడు జతల తర్వాత మీ వడ్లకు, మీ మెషిన్‌కు సరిపోయే అంకె తేలుతుంది. పాలిషర్ జల్లెడలు, ఎమెరీ రాళ్లు, ఊక పోయే పైపుల వంపులూ ఇదే కుప్ప. ఊకలో సిలికా ఉండటం వల్ల ఆ వంపులు లోపలి నుంచి కోసుకుపోతాయి. మందం రేకు వేయించి, తిప్పి బిగించే వీలు పెట్టుకోండి.

ముందే సైగ చేసి చెడేవాటికి గంటల లెక్క అక్కర్లేదు, చూపు కావాలి. బేరింగ్ ముందు వేడెక్కుతుంది, తర్వాత గొంతు మారుతుంది. నాలుగైదు రోజులు ఒకే వేళకు చేతి థర్మామీటర్‌తో చూసి రాస్తే మామూలు వేడి ఎంతో తెలుస్తుంది. ఆ మామూలు నుంచి పైకి పోతే ప్లాన్ వేసుకుని రాత్రి మార్చుకోవచ్చు. గ్రీజు విషయంలో ఒక మాట. ఎక్కువ పెడితే మంచిదని గన్ను ఖాళీ అయ్యేదాకా కొడతారు. గ్రీజు నిండా కుక్కిన బేరింగ్ లోపలే మథనమై వేడెక్కుతుంది. ఏ బేరింగ్‌కు గన్ను ఎన్నిసార్లు కొట్టాలో గార్డు (మెషిన్‌ను కప్పే రేకు) మీద పెయింటుతో రాయించండి. ఎలివేటర్ బెల్టు పక్కకు జరగడం, బకెట్ బోల్టు వదులవడం, మోటార్ ఆంపియర్లు రోజురోజుకూ పెరగడం, ఇవన్నీ సైగలే. ఆమీటర్ ఉంటే రోజుకోసారి అంకె రాయండి, మెషిన్ తన కష్టం అందులోనే చెప్పుకుంటుంది.

సార్టెక్స్‌కు కావలసింది శుభ్రమైన, పొడి గాలి. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు రోజూ వదలకపోతే ఆ తడి ఎజెక్టర్ల (పాడు గింజను గాలితో ఊదేసే భాగాల) దాకా పోతుంది. సార్టెక్స్ సరిగా వేరు చేయడం లేదని కంపెనీ మనిషిని పిలిచేముందు కంప్రెసర్ కింద నల్లా తిప్పి చూడండి.

చట్టం చెప్పినవాటికి మన ఎంపిక లేదు. వేబ్రిడ్జికి 12 నెలలకోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర పడాలి. దాని గడువు కొనుగోళ్ల మధ్యలో ముగియకుండా చూసుకోండి. ముద్ర ఉన్నా కాంటా కింద బురద, రాళ్లు చేరితే తూకం తప్పుతుంది. వానపడిన మర్నాడు అక్కడ చూడటం ఒకరి పని కావాలి. తరుగు మీద రైతుకు ఉన్న అనుమానం ఊరికే పుట్టింది కాదు, మన కాంటా మీద ఆ అనుమానానికి తావు ఉండకూడదు. తేమ మీటర్ కూడా అంతే. ప్రభుత్వ కొనుగోలుకు తేమ 17 శాతం దాటకూడదు. ఆ గీత దగ్గర మీటర్ ఒక శాతం తప్పు చూపితే ఒక కుటుంబం వడ్లు మళ్లీ ఎండబోయాలి. బాయిలర్‌కు శాఖ తనిఖీ, సర్టిఫికెట్, అర్హత ఉన్న అటెండెంట్, పనిచేసే సేఫ్టీ వాల్వు, శుభ్రంగా కనపడే నీటిమట్టం గాజు. వీటిలో ఒక్కటి లేకున్నా నిప్పు పెట్టొద్దు.

చెడిపోయాకే మార్చినా ఫర్వాలేనివి కూడా ఉంటాయి. గోదాము బల్బు, ఆఫీసు ఫ్యాను. వాటికి షెడ్యూలు రాసి కాగితం నింపొద్దు.

ఎనిమిదో అడుగు: క్యాలెండర్ మీద కూర్చోబెట్టండి

మనకు దసరా ఉంది. ఆయుధ పూజ కోసం మిల్లు ఎట్లాగూ ఆపుతాం, మెషిన్లు కడుగుతాం, గార్డులు తుడిచి కుంకుమ పెడతాం. ఆ కడిగే చెయ్యే పగుళ్లను పట్టుకుంటుంది. పూజకు ముందు రోజు పొద్దున మెకానిక్‌ను, ఆపరేటర్‌ను, ముఠా మేస్త్రీని ఒకచోట కూర్చోబెట్టి, ఎవరు ఏ మెషిన్ కడిగితే వాళ్లే అందులో చూసిన లోపాలు రాసేటట్టు చేయండి. ఆ చీటీలే వానాకాలం కొనుగోళ్ల ముందు పనుల పట్టిక. దసరా తర్వాత లారీలు వచ్చేదాకా కొన్ని వారాలు దొరుకుతాయి. యాసంగికి ముందు ఫిబ్రవరి, మార్చి అదే పనికి వస్తాయి.

పెద్ద విప్పుడు పనులేవైనా కొనుగోళ్లకు కనీసం 15 రోజుల ముందు ముగించి, వడ్లు పోసి లోడ్ మీద నడిపి చూడండి. ఖాళీగా తిప్పి చూస్తే చాలదు. కొత్తగా బిగించినవి మొదట్లోనే చెడతాయని పైన చెప్పుకున్నాం, ఆ చెడేదేదో ఈ 15 రోజుల్లోనే చెడాలి. మొదటి లారీ వచ్చే వారంలో ఎలివేటర్ బెల్టు కొత్తది వేసిన ఒక మిల్లులో పనిచేశాను. బెల్టు సాగి, మూడో రోజే జారడం మొదలుపెట్టింది. రెండు రోజులు హమాలీలు వీపుల మీద మోసి పేర్చారు.

కాజీపేటలో రైలింజన్లు చూసే లోకో షెడ్ గురించి తెలిసినవాళ్లకు షెడ్యూలు అంటే కొత్త మాట కాదు. ఇంజిన్ బాగా నడుస్తున్నా దాని వంతు రాగానే షెడ్‌కు రావాల్సిందే. మనకూ ఆ పట్టుదల కావాలి. కొనుగోళ్ల కాలంలో లారీలు పలచబడే వేళ ఏదో మీ గేటు పుస్తకమే చెబుతుంది. చాలాచోట్ల అది తెల్లవారుజాము. ఆ గంటలో రోజూ 30 నిమిషాలు ఎలివేటర్‌కు రాసిపెట్టండి. బూట్ తెరిచి శుభ్రం చేయడం, బోల్టులు, బెల్టు బిగువు. మనం ఎంచుకున్న అరగంట, అది ఎంచుకునే నాలుగు గంటల కన్నా ఎప్పుడూ చవకే.

తొమ్మిదో అడుగు: స్పేర్ల పెట్టె

లారీని ఆపగలిగేదీ, టౌన్‌లో ఆ రాత్రికి దొరకనిదీ అయిన ప్రతి భాగం మిల్లులో ఒకటి ఉండాలి. మిగతావి దుకాణంలోనే ఉండనివ్వండి. బేరింగ్‌ల మీది నంబర్లు అరిగిపోకముందే పుస్తకంలో ఎక్కించండి. నంబరు చివరి రెండంకెలు 04 నుంచి పైకి ఉంటే, మామూలుగా వాటిని 5తో గుణిస్తే బేరింగ్ లోపలి రంధ్రం మిల్లీమీటర్లలో వస్తుంది. 10 అంటే 50. సగం చెరిగిన నంబరు చదవాల్సి వచ్చినప్పుడు ఇది అక్కరకొస్తుంది. బెల్టు అతుకు బోల్టులు, బకెట్లు నాలుగు, కాంటాక్టర్ (మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్) ఒకటి, తేమ మీటర్ బ్యాటరీలు. వాడగానే ఎవరు తిరిగి తెప్పించాలో పెట్టె మూత మీద పేరు రాయండి.

పదో అడుగు: చెయ్యి పెట్టేముందు

మెషిన్‌లో మనిషి ఉన్నాడని తెలియక స్విచ్ వేయడం వల్ల వేళ్లు పోయిన మనుషులను చూశాను. నియమం ఒక్కటే, దానికి మినహాయింపు లేదు. మెయిన్ ఆపి, తాళం వేసి, తాళంచెవి లోపల పనిచేసేవాడి జేబులో ఉండాలి. తాళం పెట్టే వీలు లేకుంటే ఫ్యూజులు తీసి ఆ జేబులోనే వేసుకోవాలి. లారీ డ్రైవర్లు ఎంత హారన్ కొట్టినా సరే. వడ్ల బిన్‌లోకి, నానబెట్టే ట్యాంకులోకి ఒంటరిగా ఎవరినీ దింపొద్దు.

పదకొండో అడుగు: ఆడించే వరుసకు వేరే కొలబద్ద

లారీలు పోయాక మిల్లు ఆడుతూనే ఉంటుంది. అక్కడ జపాన్‌కు చెందిన సెయీచి నకజిమా ప్రచారం చేసిన మూడు శాతాలను గుణించే లెక్క పనికొస్తుంది. నడవాల్సిన 20 గంటల్లో 18 నడిచింది, 90 శాతం. గంటకు 4 టన్నులు ఆడాల్సింది 3.4 ఆడింది, 85 శాతం. వచ్చినదాంట్లో మళ్లీ ఆడించే పని లేనిది 95 శాతం. మూడింటినీ గుణిస్తే 73 శాతం కూడా రాదు. అడిగితే మాత్రం "18 గంటలు నడిచింది సార్" అని ఒక్క మాటే వస్తుంది. అరిగిన రోళ్లు, చిరిగిన జల్లెడలు మెషిన్‌ను ఆపవు. వేగాన్ని, బియ్యాన్ని తింటాయి. క్వింటాలు వడ్లకు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, బాయిల్డ్ అయితే 68 కిలోలు ప్రభుత్వానికి అప్పజెప్పాలి కాబట్టి నూకగా పోయిన ప్రతి కిలో మిల్లు ఇంటి సొమ్ము పోయినట్టే.

చివరి అడుగు: రెండు పుస్తకాలు ఒక బల్ల మీద

కొనుగోళ్లు ముగిసిన వారంలోనే, అందరికీ అంతా గుర్తుండగానే, గేటు పుస్తకాన్నీ ఆగుడు పుస్తకాన్నీ పక్కపక్కన తెరవండి. లారీలు అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగిన ఐదు రోజులకు గేటు పుస్తకంలో ఎర్ర గీత పెట్టండి. అదే తేదీల్లో ఆగుడు పుస్తకం ఏమంటోందో చూడండి. మెషిన్ పేరు దొరికితే అది వచ్చే దసరా చీటీల్లో మొదటిది. ఏ మెషినూ ఆగని రోజు కూడా వరుస ఉందంటే కారణం వేరేచోట ఉంది: గోదాములో జాగో, సెంటర్ల నుంచి లారీలు ఒకే వేళకు రావడమో, సంతకం పెట్టే మనిషి భోజనానికి పోవడమో. ఆ రోజుల తేదీలు రాసుకుని, వచ్చే కొనుగోళ్లకు ముందే సెంటర్ నిర్వాహకులను పిలిచి, ఏ ఊరి లారీ ఏ పూట రావాలో వాళ్లతో కూర్చుని వేళలు పంచుకోండి.